ఐదున్నర దగ్గర ఆగింది

పళ్ళ డాక్టరు తన కంప్యూటర్ క్యాబినెట్‌ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పొదివి పట్టుకుని రెండంతస్తుల మెట్లెక్కి వచ్చాడు. కౌంటరు మీద జాగ్రత్తగా దించి, కాసేపు రొప్పి, మాట కూడదీసుకున్నాక అన్నాడు:

"మీ వీడియో చూశాను. ఈసారి ప్రాసెసర్ని ఐదు పాయింట్ ఏడు గిగాహెర్ట్జ్ వేగానికి ఎక్కిస్తాం, ఎవరొస్తారో రండి అన్నారు. ఇదిగో, నేనొచ్చాను."

"అన్నామంటే చేస్తాం సార్," అన్నాడు తమ్ముడు. "కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగిస్తాం, ప్రాసెసర్ని ఓవర్‌క్లాక్ చేసి కంపెనీ పెట్టిన వేగం దాటిస్తాం. సోమవారం వచ్చి తీసుకెళ్ళండి. మీ కారు రేసు ఆటలో రోడ్డు మీది గులకరాళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు."

"చేసేదెవరు? నేను పక్కన కూర్చుని చూడొచ్చా?"

"లోపల మా టెక్నికల్ టీమ్ ఉంటుంది సార్. దుమ్ము పడకూడదని బయటివాళ్ళని రానివ్వం."

ప్లైవుడ్ గోడకి ఇవతల, వెనక గదిలో, టీమ్ మొత్తం ఒక్కతే కూర్చుని ఇదంతా వింటోంది. ఆమెని తమ్ముడూ మరదలూ అక్కా అంటారు, సామాన్లు తెచ్చే కొరియర్లూ అక్కా అనే అంటారు. కస్టమర్లకి మాత్రం ఆమె ఉన్నట్టే తెలీదు. బిల్లులు రాసే మరదలు ఎప్పుడైనా తలుపు సందులోంచి టీ గ్లాసు అందించినప్పుడు ముందుగది రంగురంగుల లైట్లు ఓ క్షణం ఆమె బల్ల మీద పడి పోతాయి.

ఐదు పాయింట్ ఏడు అన్న మాట చెవిన పడగానే ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగింది. చిప్పు ఇంకా చూడనైనా చూడలేదు, వీడప్పుడే మాటిచ్చేశాడు అనుకుంది.

డాక్టరు మెట్లు దిగిపోయాక తమ్ముడు క్యాబినెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె కరెంటు తీగ పీకి, లోపల మిగిలిన కరెంటు పోయేందుకు పవర్ బటన్ ఓసారి నొక్కి వదిలి, అద్దం తలుపు విప్పింది. లోపల తెల్లటి పిల్లి వెంట్రుకలు ఫ్యానుకీ ఫ్యానుకీ మధ్య ఉండలు కట్టి ఉన్నాయి. పాత టూత్‌బ్రష్‌తో వాటిని లాగి తీస్తూ, పళ్ళ డాక్టరు మిషనుకి పళ్ళు తోముతున్నానే అనుకుని తనలో తనే నవ్వుకుంది.

పాత గ్రాఫిక్స్ కార్డుని పట్టి ఉంచే గడియ కార్డు కిందే, కంటికి ఆనని మూల ఉంటుంది. తొందరపడి కార్డు పీకేవాళ్ళు ఆ గడియనో, మొత్తం మదర్‌బోర్డునో విరగ్గొట్టుకుంటారు. ఆమె బ్రష్ పిడిని లోపలికి పోనిచ్చి, తడిమి, నొక్కింది. టక్‌మంది. కార్డు దానంతటదే పైకి లేచింది. కొత్తది ఆమె మోచేతంత పొడుగు, ఇటుకంత బరువు. దాన్ని గాడిలో కూర్చోబెట్టి, కింద జారిపోకుండా సన్నటి ఊతకర్ర ఒకటి నిలబెట్టింది. కరెంటు కనెక్టరు తోసి, మళ్ళీ లాగి చూసింది, మళ్ళీ తోసింది. అది వెంట్రుకవాసి బయట ఉండిపోయినా వేడెక్కి కరుగుతుంది. కరిగిన వాటిని మూడింటిని ఆమె సొరుగులో దాచి ఉంచింది. ఎందుకు దాచావని తమ్ముడడిగితే, "బుద్ధి కోసం" అంది.

"పాత పవర్ సప్లై ఈ కార్డుకి చాలదు, పెద్దది వెయ్యాలి," అని తలుపు సందులోంచి చెప్పింది.

"నడుస్తుందిలే అక్కా."

"నడుస్తుంది. ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు ఠప్పున ఆగుతుంది. ఆయనొచ్చి నీ పీక మీద కూర్చుంటాడు."

తమ్ముడు గొణుక్కుంటూ పెద్దది తీసిచ్చాడు.

*

శుక్రవారం, శనివారం ఆమె ప్రాసెసరుతో గడిపింది.

ఒకే కార్ఖానాలో ఒకే రోజు పుట్టిన చిప్పులే అయినా ఒకటి ఎక్కినంత ఇంకొకటి ఎక్కదు. ఏది ఎంత ఎక్కగలదో దాన్నే అడగాలి. అడగడమంటే ఓపిక. చిప్పు వేడిని కూలర్‌కి అందించే పాత పేస్టు తుడిచి, కొత్తది పలచగా రాసి, కూలర్ని నాలుగు మూలలా కొంచెం కొంచెంగా బిగించింది. ఆన్ చేశాక విండోస్ రాకముందే ఓ మీట నొక్కి, సెట్టింగులుండే బయోస్ తెర తెరిచి వేగం ఒక్క మెట్టు పెంచింది. తర్వాత ప్రాసెసర్ని ఊపిరాడనివ్వకుండా లెక్కలు చేయించే పరీక్ష పెట్టి, గంటసేపు దాని వేడి అంకెనే చూస్తూ కూర్చుంది. నిలబడితే ఇంకో మెట్టు. ఐదు పాయింట్ మూడు నిలబడింది. ఐదు పాయింట్ నాలుగూ నిలబడింది. ఐదున్నర దగ్గర ఇరవయ్యో నిమిషంలో తెర నీలంగా మారి మొత్తం ఆగిపోయింది.

కరెంటు పిసరంత పెంచింది. ఈసారి నలభై నిమిషాలు. మరో పిసరు పెంచింది, ఒకటి పాయింట్ మూడు వోల్టుల దాకా. మధ్యాహ్నం మొదలుపెట్టిన పరీక్ష సాయంత్రం దాకా సాగింది. ఫ్యాన్ల హోరు ఎక్కడా తడబడలేదు. తెర చూడకుండానే, ఆ హోరు విని, కుదుటపడిందని ఆమెకి తెలిసిపోయింది. అయినా ఆశ చావక ఐదు పాయింట్ ఆరు పెట్టి చూసింది. చిప్పు అడిగిన వోల్టులు చూసి, ఎక్కిన వేడి చూసి, నాలుక కరుచుకుని వెంటనే దించేసింది.

శనివారం సాయంత్రం తమ్ముడు లోపలికొచ్చాడు.

"ఎంతదాకా వచ్చింది?"

"ఐదున్నర."

"నేను ఏడు చెప్పానక్కా."

"నువ్వు చెప్పావు. అది ఒప్పుకోలేదు."

"ఇంకాస్త కరెంటు తోస్తే?"

"తోస్తే ఎక్కుతుందిరా. వారమో పది రోజులో ఎక్కుతుంది. ఆ తర్వాత మామూలు వేగంలో కూడా నిలబడదు. పాడైన చిప్పు మళ్ళీ బాగుపడదు."

"వీడియో పది నిమిషాలే కదక్కా, వారం ఎక్కువే," అని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి స్టూలు లాక్కుని కూర్చుని గొంతు తగ్గించాడు. "ఇంతమంది ముందు అనేశాను. ఇప్పుడు ఐదున్నర అంటే పక్క వీధి షాపువాడు పడీ పడీ నవ్వుతాడు. రెండు పాయింట్ల కోసం నా పరువు తీస్తావా? ఆటలో ఆ రెండు పాయింట్ల తేడా ఆ డాక్టరుకి కనపడనైనా కనపడదు."

"కనపడని దాని కోసం చిప్పుని కాల్చడమెందుకు?"

అతను ఫోనులోకి తల వంచాడు. ఆమె స్క్రూలు డబ్బాలో సర్దుకుంటూ, "నా మాట విను, దాన్ని ముట్టుకోకు," అంది. అతను ఊఁ అన్నాడు. ఆ ఊఁ చిన్నప్పటి ఊఁ లాంటిదే. పుస్తకంలోంచి తలెత్తకుండా అనేది.

*

సోమవారం ఆమె వచ్చేసరికే డాక్టరు మిషను తీసుకుని వెళ్ళిపోయాడు. మంగళవారం వెనక గదిలో అన్నం తింటూ ఫోను తెరిస్తే తమ్ముడి కొత్త వీడియో కనిపించింది. ఆదివారం, షాపు మూసి ఉండగా తీసింది. డాక్టరు మిషను పక్కన చేతులు కట్టుకుని తమ్ముడు నిలబడ్డాడు. వెనక తెర మీద ఐదు పాయింట్ ఏడు, అరచేయంత అక్షరాల్లో.

ముద్ద కంచంలో వదిలేసి లేచింది. ఎంగిలి చేత్తోనే ముందుగదిలోకి వెళ్ళింది.

"ఏం చేశావురా?"

"వీడియో కోసం ఎక్కించానక్కా. అయిపోగానే దించేశాను. నీ ఐదున్నరే ఇచ్చి పంపాను, ఒట్టు."

మరదలు బిల్లుల పుస్తకంలోంచి తలెత్తలేదు.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చుంది. డాక్టరు ఫోన్ నంబరు పని ఒప్పుకున్నప్పటి చీటీ మీద రాసి ఉంది. నంబరు నొక్కి, ఒకసారి మోగాక పెట్టేసింది. ఏమని చెప్పాలి? ఒట్టు పెట్టిన తమ్ముణ్ణి అబద్ధాలకోరని ఓ పరాయి మనిషికి చెప్పాలా? దించే ఉంటాడు అనుకుంది. మధ్యాహ్నమంతా వేరే మిషను ఫ్యాన్లు మారుస్తూ, దించే ఉంటాడు, దించే ఉంటాడు అని తనకి తానే నచ్చజెప్పుకుంది.

ఆ పై వారం బుధవారం డాక్టరు మళ్ళీ మెట్లెక్కాడు. ఈసారి క్యాబినెట్‌ని చంటిపిల్లలా ఎత్తుకోలేదు. నడుముకి ఆనించి, బస్తాలా తెచ్చి కౌంటరు మీద ధన్‌మని వదిలాడు.

"మూడు రోజులు అద్భుతం. నాలుగో రోజు నుంచి రేసు మధ్యలో ఆగిపోతోంది. ఇప్పుడు ఉత్తినే ఆన్ చేసినా నీలం తెర. పేషెంటు నోరు తెరిపించి మధ్యలో లేచి వెళ్ళిపోతే ఎలా ఉంటుంది?"

తమ్ముడు అటూ ఇటూ చూసి, ప్లైవుడ్ తలుపు బార్లా తెరిచి, "అక్కా, ఓసారి రా," అన్నాడు.

పన్నెండేళ్ళలో కస్టమరు ఎదురుగా ఆమెని పిలవడం అదే మొదలు. ఆమె కొంగుకి చేతులు తుడుచుకుని వచ్చి, మిషనుకి తీగలు తగిలించి ఆన్ చేసింది. బయోస్‌లో తను పెట్టిన అంకెలు పెట్టినట్టే ఉన్నాయి. ఊపిరి పీల్చుకుంది. విండోస్ తెరుచుకుంటూ రెండుసార్లు ఆగిపోయింది, మూడోసారి ఎలాగో తెరుచుకుంది. మూల ఓ ఎర్ర గుర్తు కనిపించింది. వేగాన్ని మౌసుతో పైకీ కిందకీ జరిపే సాఫ్ట్‌వేర్ అది. ఆమె ఎన్నడూ వాడదు. తెరిచింది. ఐదు పాయింట్ ఏడు. ఒకటి పాయింట్ ఐదు రెండు వోల్టులు. ఆన్ చేసిన ప్రతిసారీ అవే అంకెలు పట్టుకునేలా పక్కన చిన్న టిక్కు.

దించడం అటుంచి, టిక్కు తీయడం కూడా రాలేదు వీడికి.

ఆమె నోరు తెరవబోయేలోగా తమ్ముడు అందుకున్నాడు.

"మీ దగ్గర దాచేదేముంది సార్. చేసింది మా అక్క. శుక్ర, శనివారాలు నేను ఊళ్ళో లేను. పెద్దగా చదువుకోలేదు, పని మీద పడి నేర్చుకుంది. సొంత అక్క కదా అని నేనూ గట్టిగా అనలేను. ఐదు పాయింట్ ఏడు అన్నానని మొండికేసి ఎక్కించేసింది. తప్పు మాదే. కొత్త ప్రాసెసర్ వేసిస్తాను."

చేసింది మా అక్క. ఆ మాట ఎప్పుడో ఒకనాడు అతని నోట వినాలని ఆమె ఎదురు చూడలేదంటే అబద్ధమే. అది ఇలా వచ్చింది.

"నేను పెట్టింది ఒకటి పాయింట్ మూడు," అంది. గొంతు అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది. "బయోస్‌లో నాది అలాగే ఉంది, చూపిస్తాను రండి. ఇది దాని మీద వేరేవాళ్ళు లాగింది."

డాక్టరు ఆమె వైపు చూశాడు. రోజూ రెండుపూటలా తోముకుంటానని చెప్పే పేషెంటుని చూసే చూపు అది. కోపం లేదు, నమ్మకమూ లేదు.

"సరేనమ్మా, అయ్యిందేదో అయ్యింది," అన్నాడు.

ఆమె మరదలి వైపు చూసింది. మరదలు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది.

*

షాపులోంచే తీసిచ్చిన కొత్త చిప్పు కూడా రెండు రోజుల ఓపిక తర్వాత ఐదున్నర దగ్గరే కుదుటపడింది. డాక్టరు అదే తీసుకెళ్ళాడు. కథ అక్కడితో ముగిసిపోతుందని ఆమె అనుకుంది.

కానీ డాక్టరు ఊరుకునే రకం కాదు. తనతో రేసులాడే వాళ్ళందరికీ ఆ మూడు రోజుల సంగతి కథలుగా చెప్పాడు. ఆ షాపులో ఒకావిడ ఉంది, మొండిఘటం, చిప్పు కాలిపోతున్నా సరే ఐదు పాయింట్ ఏడు ఎక్కించింది, మూడు రోజులు నన్నెవరూ పట్టుకోలేకపోయారు అని. తర్వాతి శుక్రవారానికల్లా ఇద్దరొచ్చి, "ఏడు ఎక్కించిన ఆవిడ ఎవరండీ?" అని అడిగారు. ఆదివారం లోపు ఇంకో ముగ్గురు ఫోన్ చేశారు.

తమ్ముడికి ఈ గాలి ఎటు వీస్తోందో పసిగట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. సోమవారం పొద్దున్నే ముందుగదిలో కొత్త బల్ల వేయించాడు. దాని వెనక రంగు లైట్లు పెట్టించి, అక్కని కూర్చోబెట్టి, జాకెట్టు అంచుకి చిన్న మైకు తగిలించాడు.

"నిన్ను అందరికీ పరిచయం చేస్తున్నానక్కా. ఇన్నాళ్ళూ నాకే తట్టలేదు. ఏం చేశావో నువ్వే చెప్పు."

ఆమె కెమెరా వైపు చూసింది. ఎదురుగా తెల్లటి దీపం కళ్ళలో గుచ్చుకుంటోంది. చెప్పేసింది.

"ఐదు పాయింట్ ఏడు నేను చేసింది కాదు. అలా చేస్తే చిప్పు పాడవుతుంది, పాడయింది కూడా. నేను చేసింది ఐదున్నర. నా చేతిలోంచి వెళ్ళిన మిషన్లు ఐదేళ్ళవి, ఆరేళ్ళవి ఇంకా నడుస్తున్నాయి. ఎవరైనా ఇంతకంటే ఎక్కువ ఎక్కిస్తామంటే, ఎన్ని వోల్టులు పెడతావని అడగండి."

తమ్ముడు దీపం ఆర్పాడు. కోప్పడతాడనుకుంది, కోప్పడలేదు.

"బాగా మాట్లాడావక్కా. అనవసరమైనవి ఎడిటింగ్‌లో తీసేస్తాలే."

బుధవారం మధ్యాహ్నం మరదలు వెనక గదిలోకి వచ్చి, తన ఫోను ఆమె చేతిలో పెట్టింది. తెర మీద అక్క ఉంది. పెదాలు కదులుతున్నాయి. మాట లేదు, డప్పులు మోగుతున్న సంగీతం ఉంది. పైన మెరిసే అక్షరాలు: ఐదు పాయింట్ ఏడు ఎక్కించిన అక్క. మధ్యలో తమ్ముడి గొంతు, మా అక్కకి భయమంటే తెలీదు అంటోంది.

ఆమె ఆ కదిలే పెదాల్నే చూస్తూ ఉండిపోయింది. వోల్టులు అన్నచోట పెదాలు గుండ్రంగా అయ్యాయి. తను తప్ప ఆ మాట చదవగలిగేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

"ఆ ఆదివారం ఆయనే మిషను ముందు కూర్చున్నాడక్కా," అంది మరదలు తలుపు మూసి. "నేను పక్కనే ఉన్నాను. ఎవరిదో వీడియో చూస్తూ ఆ అంకెలు పెట్టాడు. ఊళ్ళో లేననడం కూడా అబద్ధమే."

"ఆ రోజు చెప్పాల్సింది."

"చెప్తే సాయంత్రం నేను ఎవరితో కలిసి ఇంటికెళ్ళాలి?"

అక్క ఫోను తిరిగిచ్చేసింది. తిట్టాలనుకుంది, రాలేదు. డాక్టరుకి ఒకసారి మోగించి పెట్టేసిన ఫోను తనకీ ఒకటుంది.

*

శనివారం లెక్కల మాస్టారు వచ్చాడు. నెరిసిన జుట్టు, తాడుకట్టిన కళ్ళజోడు. డాక్టరుతో రేసులాడి ఓడిపోయేవాళ్ళలో ఒకడట. క్యాబినెట్‌ని కొత్త బల్ల మీద పెట్టి, ఆమెకి నమస్కారం పెట్టాడు. షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు, వీడియోలో చూసిన మనిషి కావడంతో వాళ్ళూ దగ్గరికి జరిగారు.

"నాకూ ఏడు ఎక్కించాలమ్మా," అన్నాడు మాస్టారు.

"ఏడు అవ్వదండీ. మీ చిప్పు ఎంత మోస్తుందో చూసి చెప్తాను. బహుశా ఐదున్నర."

"అవుతుంది సార్, ఎందుకవ్వదు?" అన్నాడు తమ్ముడు వెనకనుంచి, ఆమె భుజం మీద చెయ్యి వేసి. "మా అక్క ముందు అలాగే అంటుంది. చేసేది ఆవిడే. చెప్పక్కా."

భుజం మీద ఆ చెయ్యి వెచ్చగా, బరువుగా ఉంది. ఆమె మెల్లగా లేచి నిలబడింది. కుర్చీని అతని వైపు తిప్పింది.

"నువ్వు కూర్చో. ఏడు ఎక్కించు. నేను చూస్తాను."

"అదేంటక్కా?"

"ఆ ఆదివారం చేశావుగా. కూర్చో."

అందరూ చూస్తున్నారు. తమ్ముడు నవ్వుతూనే కూర్చున్నాడు, నవ్వుతూనే తీగలు తగిలించి పవర్ నొక్కాడు. మాస్టారు మిషన్లో ఆ ఎర్ర గుర్తు సాఫ్ట్‌వేర్ లేదు. విండోస్ తెరుచుకుంది. అక్కడా ఇక్కడా నొక్కి చూసి, మళ్ళీ ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు. మీట నొక్కి బయోస్‌లోకి వెళ్ళే ఆ రెండు క్షణాలూ అతని వేళ్ళ కిందనుంచే జారిపోయాయి. మళ్ళీ విండోస్. మూడోసారి. అతని మెడ వెనక ఎర్రబడింది. ఆమె కుడిచెయ్యి దానంతటదే కీబోర్డు వైపు లేచింది. వాడికి పలక మీద అక్షరాలు దిద్దించిన చెయ్యి అది, ఎడం చేత్తో దాన్ని పట్టి ఆపుకుంది.

నాలుగోసారి తెర నల్లబడగానే మాస్టారు దగ్గి, తరగతిలో వెనకబడిన పిల్లాడికి అందించినట్టు మెల్లగా అన్నాడు:

"డిలీట్ నొక్కాలండీ."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేది. కస్టమర్లలో ఒకడు ఫోను జేబులో పెట్టుకుని మెట్ల వైపు నడిచాడు, రెండోవాడూ అతని వెనకే. తమ్ముడు తెర వైపే చూస్తూ, తల తిప్పకుండా అన్నాడు:

"ఇంతమందిలో నా పరువు తీశావు కదక్కా."

"నువ్వు నా పరువు తీసిన రోజు ఒక్క డాక్టరే ఉన్నాడు, నిజమే," అంది.

గెలిచినట్టు లేదు. నోట్లో ఇత్తడి రుచిలాంటిదేదో ఉంది. వెనక గదిలోకి వెళ్ళింది. సొరుగులూ మీటర్లూ అన్నీ షాపువి. పిడికి టేపు చుట్టిన స్క్రూడ్రైవర్ ఒక్కటే తనది. దాన్ని సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని ముందుగది దాటింది. మరదలు బిల్లుల పుస్తకం మీదకి వంగే ఉంది. పేజీ మీద ఓ చుక్క నీళ్ళు పడి సిరా అలుక్కుపోయింది.

మొదటి అంతస్తు మలుపులో గోడకి ఆనుకుని నిలబడింది. పైనుంచి అడుగుల చప్పుడు. లెక్కల మాస్టారు, క్యాబినెట్ ఎత్తుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతున్నాడు. ఆమె దగ్గరికొచ్చి దాన్ని మోకాలి మీద ఆనించుకున్నాడు.

"ఐదున్నరే చెయ్యండమ్మా. అది చాలు. ఎక్కడికి తీసుకురమ్మంటారు?"

ఆమె మెట్ల వంక చూసింది. వీధి వంక చూసింది. పన్నెండేళ్ళు పనిచేశాక, ఫలానా చోటికి రండి అని చెప్పడానికి ఆమెకి ఓ బల్ల కూడా లేదు.

క్యాబినెట్ రెండో కొస పట్టుకుంది.

"మీ ఇంట్లో గట్టి బల్ల ఉందా మాస్టారూ?"